సిస్టరమ్మ వెయ్యని ముడి

ఇప్పుడు ఈ మాట రాయొచ్చు. సత్తెమ్మ పోయింది, మొన్ననే పెద్దకర్మ కూడా అయింది. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ నోరు విప్పనని నేను ఒకరికి మాటిచ్చాను. ఆ మాట తీసుకున్న మనిషి నాలుగేళ్ళ కిందటే కన్నుమూసింది. మా ఊరి దవాఖానలో పెద్ద నర్సుగా పనిచేసిన మనిషి ఆమె. అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం.

ఆమె పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. దేవరకొండ గుట్ట దూరంగా మబ్బులాగా కనిపించే ఊళ్ళలో ఒకటి అనుకోండి. ఆ ఊళ్ళో పాతవాళ్ళని ఇవాళ అడిగినా, "ఆ నర్సా? సత్తెమ్మ బిడ్డను పొట్టన పెట్టుకున్నది ఆమెనే గద" అంటారు. ఆ మాట ఆమె మీద నుంచి తీసెయ్యాలని నా తాపత్రయం. నాకు చదువు లేదు, అక్షరాలు కూడబలుక్కుంటాను. నా చిన్నబిడ్డ పక్కన కూర్చుని దిద్దుతున్నది.

సిస్టరమ్మ పొట్టి మనిషి. తెల్లచీర, మోచేతుల దాకా తెల్లరవిక, ఛాతీ మీద పిన్నుతో గుచ్చిన గడియారం. అది తలకిందులుగా వేలాడేది. దాన్ని వేలితో పైకెత్తి చూసుకునేది. ఆలంపూర్ దిక్కు ఆమెది. పెండ్లయిందో కాలేదో, ఇంట్లో ఎవరున్నారో మాలో ఎవరికీ తెలియదు. ఒకసారి ఒక ముసలమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"నీకెందరు పిల్లలు బిడ్డా?"

సిస్టరమ్మ వార్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "ఇయ్యాల పదకొండు మంది అవ్వా. నిన్న పన్నెండు ఉండిరి, ఒకామె ఇంటికి పోయింది" అన్నది. ఆడవాళ్ళ వార్డులో ఉన్నవి పన్నెండు మంచాలే.

రోగి దగ్గరికి వచ్చిందంటే ముందు పాదాలు పట్టుకునేది. నుదుటి మీద చెయ్యి పెట్టడం ఆ తర్వాతే. పెద్ద వయసు వాళ్ళు గాభరా పడి కాళ్ళు ముడుచుకునేవాళ్ళు.

"అయ్యో, నా కాళ్ళు ముట్టుకుంటవేంది తల్లీ, నాకు పాపం తగులుతది!"

"నీకు దండం పెడతలేనవ్వా. సల్లగున్నయా ఏడిగున్నయా అని చూస్తున్న. కాళ్ళు సాపు."

పొద్దున్నే వచ్చి ఒక్కొక్కరినీ మూడు మాటలు అడిగేది. నిద్రపట్టిందా, తిన్నదేమన్నా ఒంటికి పట్టిందా, దొడ్డికి పోయినవా. మూడోది కూడా మొదటి రెండింటి అంత గట్టిగానే అడిగేది. కొత్తకోడళ్ళు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తల ఊపేవాళ్ళు. "కొంగులకెళ్ళి నాకేం ఇనబడతది? పోయినవా లేదా?" అని మళ్ళీ అడిగేది. వార్డు మొత్తం నవ్వేది. కడుపు కోసి కుట్లు వేసినవాళ్ళు కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మరీ నవ్వేవాళ్ళు.

నేను అక్కడ ఆయాగా చేరింది మా ఇంటాయన పోయిన తర్వాత. మాది సాలెవాళ్ళ ఇల్లు. ఇద్దరు ఉంటేనే నడిచే మగ్గం, చిన్నపిల్లలను పెట్టుకుని ఒక్కదాన్ని నడపలేకపోయాను. మొదటి రోజు వెళ్ళగానే చేతికి చీపురు ఇస్తుందనుకున్నాను. ఆమె ఖాళీ మంచం చూపించింది.

"పండుకో బుచ్చమ్మా."

"నాకేం రోగం లేదు సిస్టరమ్మా, నేను పనికొచ్చిన."

"ఎరుకనే. పొద్దు నడినెత్తికి వచ్చేదాక నువ్వు రోగివి. లేవద్దు. ఏం కావాల్నన్నా అడుగు. తెచ్చిస్తే తాగు, తేకుంటే ఊకో."

పడుకున్నాను. కొంచెం సేపటికి దాహమైంది. అటుగా పోతున్న పాత ఆయాను నీళ్ళడిగితే "వస్తున్నా" అని పోయింది, మళ్ళీ రాలేదు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకుంటూ పైకప్పు దూలాలు లెక్కబెట్టాను. ఎవరో ఇద్దరు నా కాళ్ళ దగ్గర నిలబడి వాళ్ళింటి ముచ్చట్లు చెప్పుకున్నారు, నేను అక్కడ లేనట్టే. చివరకు సిస్టరమ్మే వచ్చి, రోగుల కింద పెట్టే ఇనుప పళ్ళెం నా నడుము కిందికి తోసింది. ప్రాణం ఝల్లుమన్నది.

"సల్లగున్నదా?"

"అబ్బో, వాతలు పెట్టినట్టే ఉన్నది."

"ఇగ ఎన్నడు పెట్టినా ఏడినీళ్ళతోని కడిగి పెట్టు. లే, పనిల పడు."

నాకు ఆమె నేర్పిన చదువు ఆ ఒక్క పూటదే. ఆ తర్వాత ఏ రోగి నీళ్ళడిగినా "వస్తున్నా" అనే మాట నా నోటి నుంచి రాలేదు.

రోగుల వెంట వచ్చిన వాళ్ళను కూడా ఆమె ఖాళీగా కూర్చోనిచ్చేది కాదు. ఒకాయన, భార్యను కొట్టి కొట్టి చెయ్యి విరగ్గొట్టి, తనే బండిలో వేసుకొచ్చాడు. వరండాలో బీడీ కాల్చుకుంటూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సిస్టరమ్మ లోపలి నుంచి భార్య వాడిన పళ్ళెం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంది?"

"మీ ఆమెకు చెయ్యి లేదు గద. ఆ చెయ్యి పని నువ్వు చెయ్యాలె. అదిగో, ఎనకదిక్కు పారబోసి కడుక్కరా."

"నేను మొగోన్ని!"

"మాకు అడ్డం లేదు పో. మొగోళ్ళు గూడ కడుగొచ్చు."

వరండాలో ఉన్న జనమంతా ఆయన వైపే చూస్తుంటే కిమ్మనకుండా లేచి పోయాడు. నలభై రోజులు కడిగాడు. పోయేటప్పుడు సిస్టరమ్మకు దండం కూడా పెట్టాడు.

ఇక దారాల సంగతి చెప్పాలి. అసలు కథ అక్కడే ఉన్నది.

ఒక్కో రోగికి ఒక్కో పథ్యం. మంచం కాళ్ళ దిక్కు కాగితం తగిలించి డాక్టరు సాబు ఇంగ్లీషులో రాసేవాడు. మేము ముగ్గురం ఆయాలం, అప్పట్లో ముగ్గురికీ అక్షరం రాదు. సిస్టరమ్మ పొద్దున్నే మంచం మంచం తిరిగి మాకు నోటితో చెప్పేది. పన్నెండు మందివి గుర్తు పెట్టుకోవాలంటే తల తిరిగేది. ఒకరోజు జావ తాగాల్సిన ఆమెకు రొట్టె ఇవ్వబోయాను. సిస్టరమ్మ చూసి ఆపింది, తిట్టలేదు. సాయంత్రం పిలిచి, "బుచ్చమ్మా, మీ ఇంట్ల నూలు ముక్కలుంటయా?" అని అడిగింది.

ఉండకేం. పడుగు చివర కోసేసిన రంగు పోగులు మూటలకొద్దీ ఉండేవి. తెచ్చి ఆమె ముందు పోశాను. ఇద్దరం కూర్చుని ఏరాం. మంచానికి ఎర్రదారం కడితే ఆ రోగికి నోట్లో నీటిచుక్క కూడా పొయ్యొద్దు. పసుపుదారం కడితే తాగేవే ఇవ్వాలి, పాలు, జావ, బార్లీ నీళ్ళు. నీలందారం కడితే అన్నం పెట్టొచ్చు. ఇంకో రంగు కావాలని ఆమె నల్లపోగు తీసింది. నేను వద్దన్నాను.

"నల్లదారం దిష్టికి కడతరు సిస్టరమ్మా. దాన్ని మంచానికి ఉండనియ్యరు, ఇప్పుకపోయి చేతులకు కట్టుకుంటరు."

"అట్లనా? మంచిగ చెప్పినవ్" అని నల్లది పక్కన పడేసింది. మిగతా రంగులకు ఆ భయం లేదనుకున్నాం ఇద్దరం.

దారాలు కట్టేది సిస్టరమ్మ ఒక్కతే. మార్చినా ఆమే, రోగి ఇంటికి పోతే విప్పినా ఆమే. ఆమె వేసేది కట్టు కట్టేటప్పుడు వేసే అడ్డముడి. నేను మా సాలెముడి నేర్పబోయాను, తెగిన పోగును అతికేటప్పుడు వేసే సన్నముడి. ఆమె చేతికి రాలేదు. "నీ ముడి నీకే ఉండనీ" అని నవ్వింది.

ఎంత సుఖమైపోయిందో చెప్పలేను. కాగితం చూడనక్కర లేదు, ఎవరినీ అడగనక్కర లేదు. దారం చూడు, గిన్నె అందుకో. డాక్టరు సాబు కూడా మెచ్చుకున్నాడు.

అయితే జనానికి కండ్లుంటాయి కదా. ఎర్రదారం వాళ్ళు మూలుగుతుంటారు, పసుపుదారం వాళ్ళు నీరసంగా పడి ఉంటారు, నీలందారం వాళ్ళు నాలుగు రోజుల్లో మూట కట్టుకుని ఇంటికి పోతారు. దాన్ని అందరూ చూశారు. "మాకు నీలం ఎన్నడు కడతవు సిస్టరమ్మా?" అని బతిమాలేవాళ్ళు. ఆమె నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. నేనైతే పెద్ద తెలివిగలదానిలా, "నీలం పడ్డదంటే ఇగ ఇంటి తోవ పట్టినట్టే" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పేదాన్ని.

సత్తెమ్మకు కూడా చెప్పాను.

సత్తెమ్మ మా కులపామె, పక్క ఊరు. వరసకు నన్ను వదినె అనేది. కూతురు అండాలుకు టైఫాయిడ్ జ్వరమని బండి కట్టుకుని తెచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ పిల్ల తర్వాత ఇద్దరు చిన్నకొడుకులు. అండాలు ఇరవై రోజులు కాగిపోయింది. ఆ తర్వాత జ్వరం దిగింది. దిగిన దగ్గర నుంచి పిల్లకు ఒకటే ఆకలి.

"అత్తా, జర అన్నం పెట్టవా? ఒట్టి అన్నమే. తొక్కు గూడ వద్దు" అని నా కొంగు పట్టుకునేది. ఆ కండ్లు చూడలేక నేను అటు తిరిగి పోయేదాన్ని.

సత్తెమ్మ సిస్టరమ్మను అడిగింది. "జ్వరం పోయింది గదమ్మా, ఇంకేంది? బుక్కెడు పెట్టరాదూ?"

సిస్టరమ్మ మంచం మీద కూర్చుని, తన పాత చీర కొంగు రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టి చూపించింది. "గీ బట్ట చూడు సత్తెమ్మా. ఉతికి ఉతికి ఎట్ల పలచబడ్డదో. నీ బిడ్డ పేగు ఇప్పుడు గిట్లనే ఉన్నది. గట్టి మెతుకు తగిలితే చిరుగుతది. పది దినాలు జర ఓపిక పట్టు. నేనే నా చేతులతోని నీలం కడత."

సత్తెమ్మ తలూపింది. విన్నది, కాని ఆమె చెవిలో నిలిచింది ఆ చివరి మాట ఒక్కటే అనుకుంటాను.

రెండు రోజుల తర్వాత పొద్దున, అండాలు పక్క మంచం ఆమె ఇంటికి పోయింది. ఆమెది నీలందారం. అదే సమయానికి కాన్పు గదిలో ఒకామెకు బిడ్డ అడ్డం తిరిగిందని సిస్టరమ్మను పిలిచారు. ఆ దారం విప్పకుండానే ఆమె పరుగున పోయింది. మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి బయటికి రాలేదు.

నేను మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని వార్డులోకి వచ్చాను. అండాలు మంచానికి పసుపుదారం పోయి నీలందారం ఉన్నది.

నిలబడ్డాను. ఆ మాట అబద్ధం చెప్పను, ఒక్క క్షణం నిలబడ్డాను. పది రోజులన్నది కదా అనుకున్నాను. మళ్ళీ, పొద్దున డాక్టరు సాబు చూసి మార్చమని ఉంటాడులే అనుకున్నాను. దారం దగ్గరికి వంగి కూడా చూశాను. ముడి సక్కగా ఉన్నది. సన్నగా, నున్నగా, పుట్టినప్పటి నుంచి నా కంటికి అలవాటైన ముడి. అందుకే నాకు ఏ అనుమానమూ రాలేదు. సిస్టరమ్మకు ఆ ముడి వెయ్యడమే రాదన్న సంగతి నాకు తట్టలేదు.

అన్నం పెట్టాను. మీద పప్పు పోశాను. అండాలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి నవ్వింది. సత్తెమ్మ పక్కనే కూర్చుని, "మెల్లగ తిను బిడ్డా, ఎవ్వరు గుంజుకపోరు" అన్నది. పిల్ల ఇంకొంచెం అడిగింది. ఇంకో గరిటె వేశాను.

పొద్దు వాలేసరికి పిల్ల కడుపు పట్టుకుని అరవడం మొదలుపెట్టింది.

సిస్టరమ్మ వచ్చింది. ముందు పాదాలు పట్టుకున్నది. అట్లాగే పట్టుకుని తల తిప్పి దారం చూసింది. ముడి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కట్టలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఇద్దరం సత్తెమ్మ వైపు చూశాం.

సత్తెమ్మ కండ్లనిండా నీళ్ళు. "నీలం పడ్డది గద సిస్టరమ్మా, ఇంక మళ్ళ నొప్పేంది?" అని అడిగింది. పక్క మంచం దారం అదృష్టపు దారమని విప్పి తన బిడ్డకు కట్టుకున్నది, అంతే. దాని రంగు చూసి మేము గిన్నె అందుకుంటామన్న సంగతి ఆ తల్లికి ఎవరు చెప్పారు?

హైదరాబాదు తీసుకుపోవడానికి డాక్టరు సాబు లారీ మాట్లాడాడు. లారీ రాకముందే, మూడో రోజు పొద్దున, పిల్ల పోయింది.

సిస్టరమ్మ నన్ను సామాన్ల గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. నేను గోడకు తల కొట్టుకుంటున్నాను. ఆమె నా తలకూ గోడకూ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నేనే అన్న సిస్టరమ్మా. నీలం పడితే ఇంటికే అని నేనే అన్న. పెట్టింది గూడ నేనే."

"అందరు అన్నరు. నేను ఇని నవ్విన. ఆపాల్సింది నేను." తర్వాత అడిగింది: "సత్తెమ్మకు ఎరుకనా?"

"ఏం ఎరుక లేదు. దారం మహిమ అనుకున్నది పిచ్చిది."

"ఎరుకైతే?"

నేను ఆమె మొహంలోకి చూశాను.

"ఏ బాయో చెరువో చూసుకుంటది" అన్నది సిస్టరమ్మ. "గసొంటోళ్ళను చూసిన బుచ్చమ్మా. తన చేతులతోనే అయ్యిందని తెలిస్తే ఆ మనిషి బతకది. ఇద్దరు పోరగాండ్లున్నరు. ఒక పాణం పోయింది, రెండోది పోనియ్య. నా చేతుల చెయ్యి వెయ్యి. ఆమె ఉన్నన్ని దినాలు నీ నోట్లకెళ్ళి ఈ మాట రావద్దు."

"మరి నీ మీదికి వస్తది సిస్టరమ్మా!"

"నేను పెద్ద నర్సును. నా మీదికి రాక ఎవరి మీదికి వస్తది?"

చెయ్యి వేశాను.

డాక్టరు సాబు అందరినీ నిలబెట్టి అరిచాడు. దారం ఎవరు మార్చారని అడిగాడు. సిస్టరమ్మ ముందుకు వచ్చి, "నేనే మార్చిన సాబ్. పక్క మంచమనుకొని దీనికి కట్టిన" అన్నది. ఆయన నమ్మలేదు, ఆమె మొహంలోకి అట్లాగే చూశాడు. నా నోరు కదిలింది. "బుచ్చమ్మా, తాగే నీళ్ళ కుండ ఖాళీగున్నది, నింపు పో" అన్నది ఆమె, నా వైపు చూడకుండానే. పోయాను. కుండ నిండుగానే ఉన్నది.

ఆ రోజు నుంచి దారాలు లేవు. మూడు పూటలా పన్నెండు మంచాలకూ ఆమె స్వయంగా నిలబడి పెట్టించేది. అంతకు ముందు నవ్వే చోట ఇప్పుడు నవ్వేది కాదు. పైనుంచి కాగితం వస్తుందని, ఆమెను పెద్ద నర్సు పని నుంచి తీసేసి వేరే ఊరు పంపుతారని చెప్పుకున్నారు.

నెల దాటిన తర్వాత, ఒక పొద్దున నేను బాయి దగ్గర గుడ్డలు ఉతుకుతుంటే సత్తెమ్మ వచ్చింది. గుర్తుపట్టలేకపోయాను. జుట్టుకు నూనె లేదు, బుగ్గలు లోపలికి పోయాయి. బాయి గట్టు మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తూ మాట్లాడింది.

"వదినె, సిస్టరమ్మ పొరపాటున అన్నం పెట్టించిందట గద. కాంపౌండరు చెప్పిండు. నిజమేనా?"

నేను గుడ్డ పిండుతున్నాను.

"నేను తిని ఎన్ని దినాలైందో నాకే యాదికి లేదు. బుక్క నోట్ల పెట్టుకుంటే అండాలు మొకం కనబడతది. ఒక మాట అడుగుత, నిజం చెప్పు. ఆ దారం... నేను ముట్టుకున్న వదినె. పక్క మంచంది ఇప్పి నేనే కట్టిన. మంచిదని కట్టిన. దానివల్ల ఏమన్న..."

బాయిలో నీళ్ళు కనిపిస్తున్నాయి. ఆమె చేతులు గట్టు మీద ఉన్నాయి.

"దారానికేముంటది సత్తెమ్మా?" అన్నాను. "ఉత్త నూలు పోగు. దారం కడితే ఎవరన్న సస్తరా? అన్నం పెట్టుమన్నది సిస్టరమ్మ. ఆమె చెప్పింది, నేను పెట్టిన."

"ఆమెనే చెప్పిందా?"

"ఆమెనే."

సత్తెమ్మ గట్టు మీద నుంచి లేచింది. నాకు ఊపిరి వచ్చింది. ఆమె వంగి దోసెడు మన్ను ఎత్తుకుని వరండా దిక్కు నడిచింది. అప్పుడు తెలిసింది నాకు, నేను ఏం చేశానో. వెనక పరిగెత్తాను.

వరండా నిండా జనం. సిస్టరమ్మ ఒక పిల్లవాడి పుండు కడుగుతున్నది. మన్ను ఆమె మొహం మీద, తెల్లచీర మీద పడ్డది.

"నీ చేతులు పడిపోను! నా బిడ్డ నీకేం చేసింది? నీకు కడుపున ఒక్కరన్న పుట్టి ఉంటే తెల్సేది నీకు! నువ్వు దిక్కులేని సావు సస్తవ్!"

సిస్టరమ్మ లేచి నిలబడింది. మొహం తుడుచుకోలేదు. "అవును తల్లీ" అన్నది. "తప్పు నాదే."

ఆ మాట వినగానే సత్తెమ్మ అక్కడే కూలబడి, నేల మీద చేతులు కొడుతూ ఏడ్చింది. బిడ్డ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. జనం సిస్టరమ్మను చూసి ఉమ్మారు. ఆమె నా వైపు తిరిగి, "కండ్లల్ల మన్ను పడ్డది, జర నీళ్ళియ్యి" అన్నది. నీళ్ళు పోస్తుంటే మెల్లగా చెప్పింది: "ఆమె ఎంబడి ఇంటిదాక పో. ఏమన్న తినబెట్టి రా."

పోయాను. సత్తెమ్మ ఇంట్లో జొన్నరొట్టె చేసి పెట్టాను. బుక్క బుక్కకూ సిస్టరమ్మను తిట్టుకుంటూ సగం రొట్టె తిన్నది. చిన్నకొడుకును దగ్గరికి లాక్కుని మిగతా సగం వాడికి పెట్టింది. నేను తిరిగి వచ్చి "తిన్నది" అని చెబితే సిస్టరమ్మ తల ఊపి, ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఆ నెలాఖరుకే కాగితం వచ్చింది. ఆమె పోయే రోజు బస్సు దగ్గరికి మేము ముగ్గురు ఆయాలం తప్ప ఎవ్వరూ రాలేదు.

ఆమెను ఆఖరుసారి చూసింది కొత్తకోట దిక్కున ఒక చిన్న దవాఖానలో. ఒంట్లో బాగా లేదని తెలిసి రెండు బస్సులు మారి పోయాను. కాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. మంచంలో పడుకునే, అటుగా పోతున్న ఆయాతో, "ఆ మూల మంచం ఆమె ఇందాకటిసంది నీళ్ళడుగుతున్నది, నీకు ఇనబడతలేదా?" అంటున్నది. నన్ను చూసి మంచం మీద పక్కకు జరిగి చోటు ఇచ్చింది.

వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా గుండెలో ఉన్నది అడిగేశాను.

"సిస్టరమ్మా, ఇంక నన్ను ఇడిచిపెట్టు. సత్తెమ్మకు చెప్పేస్త. ఏండ్లు గడిచినయి, ఓర్సుకుంటది. నిన్ను ఆమె తిట్టని దినం లేదు. పండుగనాడు గూడ నీ పేరెత్తి మన్ను పోస్తది. నేను ఇనలేక సస్తున్న."

ఆమె కోపగిస్తుందనుకున్నాను. కండ్లు మూసుకున్నది.

"మగ్గం ఎక్కిందా?" అని అడిగింది.

"ఎక్కింది. పెద్ద పోరన్ని గూడ పనిల పెట్టింది. మంచిగనే నేస్తున్నరు."

"పోరగాండ్లకు వండి పెడతాందా?"

"పెడతాంది."

"తనూ తింటాందా?"

"తింటది సిస్టరమ్మా. మొన్న మా ఇంటికొచ్చి రెండు రొట్టెలు తిన్నది. నిన్ను తిట్టుకుంటనే తిన్నది."

సిస్టరమ్మ కండ్లు తెరిచింది. వార్డులో పొద్దున్నే మంచం మంచానికీ తిరిగి అడిగేటప్పటి చూపు అది.

"తిట్టేటప్పుడు గొంతు గట్టిగనే ఉంటదా?"

"గట్టిగనే ఉంటది."

"మంచిగైతాంది" అన్నది. "ఏం చెప్పకు."